ఎర్రసిరా పేర్లు: మా ఊరి బడి చరిత్ర

చరిత్ర అంటే మాకు బళ్లో చెప్పింది రాజుల చరిత్ర. కోటలు, శాసనాలు, దండయాత్రలు. మా పల్లె వాటిల్లో ఎక్కడా లేదు. భూమి దస్తావేజుల్లో మా తాతల పేర్లు లేవు, ఎందుకంటే భూమి లేదు. గుడి రాళ్ల మీద లేవు, ఎందుకంటే గుళ్లోకి రానియ్యలేదు. మా పేర్లు రాసుకున్న పుస్తకాలు మూడే మూడు. ఒకటి మిషను వాళ్ల బాప్తిస్మం పుస్తకం. రెండోది ఆసామి ఇంట్లో అప్పుల చిట్టా. మూడోది బడిలో అడ్మిషన్ రిజిస్టరు. మొదటిది మా ఆత్మల లెక్క. రెండోది మా రెక్కల లెక్క. మూడోదాంట్లో ఏ లెక్క ఉందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది ఒంగోలు వైపు పొగాకు పండే మెట్ట ఊరు. పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఏ ఊరి పేరు పెట్టుకున్నా కథ మారదు. మా వైపు ఊరంటే కులాలవాళ్లు ఉండేది, పల్లె అంటే మేము ఉండేది. రెంటికీ మధ్య చెరువుకట్ట. బడి ఊళ్లో ఉంది. నేను చదివింది అందులోనే. చాలా ఏళ్లకి బదిలీ మీద ఆ బడికే హెడ్మాస్టరుగా పోయాను. బీరువా తాళాలు నా చేతికొచ్చాయి. చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లు దులిపి, సాయంత్రాలు కూర్చుని చదివాను. వరస నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ, మానెయ్యడానికి కారణం. ఇవీ అందులో గళ్లు. మా చరిత్రంతా ఆ చివరి గడిలో ఉంది.

మొదట లేచిపోయింది ఎవరు?

మా వైపు చదువు సంగతి చెప్పాలంటే మిషను నుంచి మొదలుపెట్టక తప్పదు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. పైకులాల పెద్దలు కోరితే వాళ్ల పిల్లలకి బడి పెట్టాడు. ఆ కాలంలోనే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద క్రీస్తు మతం తీసుకున్నాడు. ఆయన వెనక మాదిగలు ఒకళ్లొకళ్లుగా ఒంగోలు దారిపట్టారు. అప్పుడు ఊరి పెద్దలు దొరకి కబురు చెప్పారు: వాళ్లని కలుపుకుంటే మేం ఉండం. దొర మాదిగల్నే కలుపుకున్నాడు. పైకులాల పిల్లలు పలకలు సర్దుకుని లేచిపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీంతో మళ్లీ పని ఉంది.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత దూరం పని క్లౌ కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారని ఈ రోజుకీ ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. కూడు లేకుండా చేసిందెవరో మాత్రం వాళ్లు చెప్పరు. మా పల్లెకి ఆ తర్వాత వచ్చింది ఒక పూరిపాక. ఆదివారం అది గుడి, మిగతా రోజులు బడి. పాఠం చెప్పేదీ ప్రార్థన చేసేదీ ఒకాయనే. మా తాత నాలుగక్షరాలు నేర్చింది అక్కడే. ఆయన చదివిన పుస్తకం ఒకటే, బైబిలు. కానీ ఆసామి రాసిన నోటు మీద వేలిముద్ర బదులు సంతకం పెట్టిన మొదటి మనిషి మా పల్లెలో ఆయన. సంతకం పెట్టేముందు నోటు చదివి వినిపించమన్నాడట. ఆ ఏడు ఆయనకి పని ఇవ్వలేదు.

మరి సర్కారు బడి? 1882లో జ్యోతిబా ఫూలే హంటర్ కమిషనుకి ఇచ్చిన వాంగ్మూలంలో, పన్ను కట్టేది కష్టజీవులైతే ఆ డబ్బుతో చదువుకునేది పైకులాలని మొహమాటం లేకుండా చెప్పాడు. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు కోసం ప్రత్యేకంగా ఉత్తర్వు తీసింది. అయినా పాతికేళ్లు తిరిగాక, 1919లో ప్రభుత్వమే లెక్క తీస్తే, రాజధాని మొత్తంలో 8 వేలకు పైగా ఉన్న సర్కారు, బోర్డు బళ్లలో పంచముల పిల్లల్ని చేర్చుకున్నవి 600 పైచిలుకు. కారణం? బడి అగ్రహారంలో ఉంది, చావిట్లో ఉంది, గుడి పక్కన ఉంది. మేం అక్కడికి పోకూడదు. బడి అందరిదే, దానికి పోయే బాటే మాది కాదు.

లాంగ్ ఆబ్సెంట్

మా ఊరి బోర్డు బడి కూడా రామాలయం పక్క చావిట్లోనే మొదలైంది. పాత రిజిస్టరు మొదటి పుటల్లో కులం గడి కింద వేలుపెట్టి చదువుకుంటూ పోయాను. ఊళ్లో ఉన్న కులాలన్నీ ఉన్నాయి. మేం లేము. మేం కనపడేది రాజ్యాంగం వచ్చాక. 14 ఏళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలని 45వ అధికరణం రాసింది. అంటే 1960 కల్లా. 1959లో పంచాయతీరాజ్ వచ్చింది, బడి సమితి బడి అయింది, చావిడి నుంచి చెరువుకట్ట దగ్గరికి, సొంత రేకుల షెడ్డులోకి మారింది. అప్పుడు పల్లె పేర్లు రిజిస్టరుకెక్కాయి.

వాటిల్లో మా నాయన పేరుంది. చేరిన తేదీ ఉంది. పుట్టిన తేదీ ఉంది, అది పంతులు తనకి తోచింది వేసిన తేదీ. మా పల్లెలో సగం మందికి జులై ఒకటే పుట్టినరోజు. కూర్చోబెట్టింది వసారాలో. కుండలో నీళ్లు తాకకూడదు, ఎవరన్నా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. రెండో తరగతి దగ్గర పేరు కొట్టేశారు. మానెయ్యడానికి కారణం: లాంగ్ ఆబ్సెంట్. అసలు సంగతి మా నాయనమ్మ చెప్పింది. "మీ తాత జబ్బుకి ఆసామి కాడ అప్పు తెచ్చినాం అబ్బాయా. ఆ అప్పు కింద మీ నాయన్ని బర్లు కాయడానికి జీతానికి పెట్టినాం." అప్పు పేరు, ఆసామి పేరు రాయడానికి రిజిస్టరులో గడి లేదు. పిల్లోడే రాలేదని రాసుకున్నారు.

ఇక్కడే ఇంకో ముచ్చట ఉంది. ఆ రోజుల్లో మా ఊరి బడికి మంచి పేరు. "మా కాలంలో చదువంటే చదువు, పరీక్షకి కూర్చున్నోడు పాసు కాకుండా లేచింది లేదు" అని ఊళ్లో పెద్దోళ్లు ఇప్పటికీ మీసం తిప్పుతారు. నేను హాజరు పట్టీలు, పరీక్ష కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్లు చెప్పేది నిజమే. కూర్చున్నోళ్లు పాసయ్యారు. కానీ జూన్‌లో పేరున్నోళ్లలో ఎంతమంది ఏప్రిల్‌లో కూర్చున్నారు? పల్లె పేర్లు డిసెంబరు నుంచి రాలిపోతూ వచ్చాయి. పరీక్ష నాటికి మిగిలింది ఊరి పిల్లలు, మాలో ఒకరో ఇద్దరో. రాలిపోయినోళ్లు ఫెయిలు లెక్కలోకి రారు, పాసు లెక్కలోకీ రారు. అసలు లెక్కలోకే రారు. మా పేర్లు కొట్టేసినందువల్ల ఆ బడికి మంచి పేరొచ్చింది.

డిసెంబరు ఎందుకు? పొగాకు. మా వైపు వర్జీనియా పొగాకు ఆకు కోసేది చలికాలంలో. కోసిన పచ్చాకుని కర్రలకి కట్టాలి, బ్యారన్‌లో వేలాడదియ్యాలి, రాత్రింబగళ్లు మంట చూడాలి. తర్వాత ఆకుని రకాలుగా ఏరాలి. ఆకు కట్టేది చిన్నచేతులు. ఏరేది ఆడోళ్లు, వాళ్ల పక్కన ఆడపిల్లలు. మా అక్కది మూడో తరగతితో సరి. అమ్మ బ్యారన్ కాడికి పోతే చంటోణ్ణి ఎత్తుకోవాలి, చంటోడు నిద్రపోతే ఆకు ఏరాలి. వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో. ఆకు ఏరే పని ఇంకా నడుస్తానే ఉంటది. ఆ పరీక్షల పట్టిక వేసినోళ్లు మా ఇళ్లల్లో ఒక చలికాలమన్నా గడిపి ఉండరు.

ఎర్రసిరా

నేను బళ్లో చేరింది 1970లలో. అప్పటికి వసారా పోయి గదిలోకి వచ్చాం, వెనక వరసలోకి. హాజరు పట్టీలో ఊరి పిల్లల పేర్లు నీలం సిరాతో, మావి ఎర్రసిరాతో రాసేవాళ్లు. స్కాలర్‌షిప్పులకీ పుస్తకాలకీ లెక్క తేలికని చెప్పేవాళ్లు. లెక్క తేలికే. పంతులు పట్టీ తెరిచి పిలవగానే ఎవరు ఎవరో గదంతా తెలిసేది. పేరు పిలిస్తే "ఉన్నానండి" అనాలి. మా పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారేది. "ఏరా, నువ్వు గూడా చదివి రాజ్యాలేలతావా?" అనేవాడు. ఇన్‌స్పెక్షన్ అని తెలిస్తే ముందురోజే ఎర్రసిరా వాళ్లలో సరిగా చదవలేనోళ్లని ఇంటికాడ ఉండమనేవాడు. మా బడి ప్రమాణాలు కాపాడింది అట్టా.

ఆ బళ్లోనే ఒక టీచరమ్మ ఉండేది. ఆమెదీ పల్లె బతుకే, మిషను బళ్లో చదివి ట్రైనింగు అయింది. మాకు ఆకు కట్టే రోజుల్లో పొద్దుగూకాక గుళ్లో లాంతరు పెట్టి పాఠం చెప్పింది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ జీతమియ్యలేదు. మేం ఐదోతరగతి దాటిన నలుగురం ఆమె చలవతోనే దాటాం. ఊళ్లో బడి చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరు ఎవరూ చెప్పరు.

అక్కణ్ణుంచి టౌను. సాంఘిక సంక్షేమ హాస్టలు. నీళ్లపప్పు, పురుగుల అన్నం, గోడకి ఆనించిన రేకుపెట్టెలు. హాస్టలు మీద చెప్పుకోవాల్సిన తిట్లు చాలా ఉన్నాయి, మన పుస్తకాల్లో చాలామంది రాశారు కూడా. నేను ఒక్క సంగతి చెప్తాను. ఊళ్లో అత్తెసరు మార్కులు తెచ్చుకున్నోళ్లం హాస్టల్లో చేరిన ఏడే తరగతిలో పైకొచ్చాం. మాకు కొత్తగా తెలివి పుట్టలేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా బల్ల మీద కూర్చున్నాం, అంతే. ఆ నాలుగు నెలల్నే మా జాతి మందబుద్ధి అని తరాల తరబడి చెప్తూ వచ్చారు.

కులం గడి

రిజిస్టరులో కులం గడి ఒక్కటే చదివినా పెద్ద చరిత్ర. ముందు మాదిగ అని ఉంటది. తర్వాత ఆది ఆంధ్ర. తర్వాత హరిజన. తర్వాత ఎస్సీ. మమ్మల్ని అడిగి మార్చిన పేరు వీటిల్లో ఎంత? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రీస్తు మతంలో ఉన్నవాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. ఉత్తర్వులో తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకని మా పల్లెలో పిల్లలకి రెండేసి పేర్లు. గుళ్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు. చెరువుకట్ట దాటేటప్పుడు పేరు మార్చుకోవాలి. నీళ్లు పైనుంచి పోసేటప్పుడు ఏ మతమని ఎవరూ అడగలేదు. స్కాలర్‌షిప్పు ఇచ్చేటప్పుడే అడిగారు.

ఎస్సీ అనే రెండక్షరాల కింద ఎవరెవరు ఉన్నారో కూడా ఆ గడి చెప్పదు. 1994 జులై 7న మా జిల్లా ఈదుముడిలోనే మాదిగ దండోరా పుట్టింది. బళ్లో, కాలేజీలో, ఉద్యోగంలో ఎవరి వాటా ఎంతో లెక్క తియ్యమంది. ఆ లెక్క 2000లో చట్టమైంది, 2004లో సుప్రీంకోర్టులో కొట్టుబడింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. మాల మాదిగల మధ్య తగువు పెట్టడానికి ఇది రాయడం లేదు. మూడో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్ల ఏ కులందో తెలియకపోతే ఆ పిల్లకి ఏం చెయ్యాలో కూడా తెలియదని రాస్తున్నాను. రెల్లివాళ్ల పిల్లల సంగతి ఎంతమందికి పట్టింది?

మేం నిండాక

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ల చెరువు మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన తగువు. కారంచేడు అప్పట్లో మా జిల్లాలోదే. ఆ వార్త వచ్చాక మా పల్లెలో ఒక్కరాత్రే ఏదో మారింది. అంబేడ్కర్ పేరుతో యువజన సంఘం పెట్టాం. గుళ్లో రాత్రిబడి మళ్లీ మొదలైంది. ఇంటింటికీ పోయి పిల్లల్ని బళ్లో వేయించాం. 1991 అంబేడ్కర్ శతజయంతి నాటికి రిజిస్టరులో సగానికి పైగా పల్లె పేర్లే. ఆడపిల్లల పేర్లు కూడా.

సరిగ్గా అప్పుడే ఊరి పేర్లు తగ్గడం మొదలైంది. ముందు ఆసాముల పిల్లలు. టౌను కాన్వెంటు వ్యాన్ పొద్దున్నే ఊళ్లోకి వచ్చేది. తర్వాత చిన్నరైతుల పిల్లలు, ఆటోల్లో. ఇంగ్లీషు కోసం పోతున్నామన్నారు, కొంత నిజమే. కానీ "ఆ పిల్లల పక్కన కూర్చోబెట్టి ఏం నేర్పిస్తాం" అన్న మాట కూడా నేను చెవులారా విన్నాను. ఒంగోల్లో క్లౌ దొర బళ్లో జరిగిందే నూటపాతికేళ్ల తర్వాత మా ఊళ్లో జరిగింది. మేం లోపలికొస్తే వాళ్లు లేచిపోయారు. ఈసారి పోతూ పోతూ పేరు కూడా పెట్టిపోయారు: సర్కారు బళ్లు చెడిపోయాయి.

చెడిపోయిందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల అక్షరాస్యత 1991లో 31.59 శాతం, 2001లో 53.52 శాతం. రాష్ట్రం మొత్తం 44.09 నుంచి 60.47కి పెరిగింది. అంటే పన్నెండున్నర శాతం ఉన్న తేడా పదేళ్లలో ఏడుకి దిగింది. ఆ పదేళ్లలో మా పిల్లల్లో ఎక్కువమంది చదివింది ఎక్కడ? వాళ్లు చెడిపోయాయన్న ఈ బళ్లలోనే. ఇంట్లో అక్షరం ముక్క లేని పిల్లని, ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లున్న బళ్లో, పొగాకు రోజుల్లో కూడా నిలబెట్టి చదివించడం పెద్ద పని. ఆ పని కొలిచే కర్ర వాళ్ల దగ్గర లేదు. రాలిపోకుండా పరీక్షకి కూర్చునేవాళ్లు పెరిగితే పాసు శాతం మొదట తగ్గుతుంది. ఆ తగ్గుదల కూడా మా గెలుపే.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్లో వండిన అన్నం పెట్టమంది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. వండే పనికి దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు 2004లో చెప్పింది. మా బళ్లో పల్లె ఆమె వండినప్పుడు మిగిలిన ఊరి పిల్లలు కొందరు క్యారేజీలు తెచ్చుకున్నారు. కొన్నాళ్లకి క్యారేజీలు మానుకున్నారు, ఇంకొందరు బడే మానుకున్నారు. అన్నం మొదలయ్యాక మధ్యాహ్నం గంట తర్వాత హాజరు నిలబడింది. అది హాజరు పట్టీలో కళ్లకు కనపడేంత తేడా.

చిన్న బడి అని మూసేస్తారట

ఇప్పుడు కొత్తమాట వచ్చింది: పిల్లలు తక్కువున్న బడి. పిల్లలు తక్కువెందుకయ్యారో పైన చెప్పాను. 2009 విద్యాహక్కు చట్టం చిన్నపిల్లలకి కిలోమీటరు లోపల బడి ఉండాలంది, 60 మంది దాకా ఉన్న బడికి ఇద్దరు టీచర్లుండాలంది. 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవో రద్దు చేశారు. జీవోలు వస్తాయి, పోతాయి. మధ్యలో హైవే దాటి పక్కూరు పోలేక ఆగిపోయిన పిల్ల మాత్రం తిరిగి రాదు. ఆమె పేరు ఎదురుగా మళ్లీ లాంగ్ ఆబ్సెంట్ అనే రాస్తారు. బడిని దూరం చేసినోళ్ల పేరు రాయడానికి ఇప్పటికీ గడి లేదు.

ఇంగ్లీషు మీడియం మాటకొస్తే, 2019లో సర్కారు బళ్లలో పెడతామంటే తెలుగు చచ్చిపోతదని గోల పెట్టినోళ్లలో తమ పిల్లల్ని ఆ బళ్లకి పంపినోళ్లు ఎందరు? తెలుగు మాకు అమ్మ పాలతో వచ్చింది, దాన్ని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండూ కావాలి. ఏది కావాలో చెప్పే హక్కు ఆ బళ్లో పిల్లలున్నోళ్లకి ముందుండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు సభల్లో మాట్లాడతారు, కాలేజీల్లో పరిశోధనలు చేస్తారు. మీ ఊరి బడికి ఒకసారి పోండి. అడ్మిషన్ రిజిస్టరు అడగండి. మీ అమ్మా నాయనా పేర్లు ఏ తరగతి దగ్గర కొట్టేశారో చూడండి. ఏ నెలలో కొట్టేశారో రాసుకోండి, ఆ నెలలో ఊళ్లో ఏ పంట పని నడుస్తదో పక్కన రాయండి. చేరినోళ్లెందరో, పరీక్షకి కూర్చున్నోళ్లెందరో రెండూ లెక్కగట్టండి. పాసు శాతం చెప్పినోణ్ణి ఎందరిలో శాతమని అడగండి. బడి మూస్తామని కాగితం వస్తే ఆ లెక్క చేత్తో పట్టుకుని మండలాఫీసు మెట్లెక్కండి. మా తాత నోటు చదివి వినిపించమన్నందుకు ఒక ఏడు పని పోగొట్టుకున్నాడు. మీరు అంతకంటే మంచి రోజుల్లో ఉన్నారు. చదివి వినిపించమని గట్టిగా అడగండి.